పెరంబూరులో లెక్క చెప్పి మందు రాసే డాక్టరమ్మ

ముందే చెప్పేస్తాను, అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు కోశానో కింద రాశాను. క్లినిక్ పేరూ డాక్టరమ్మ పేరూ మాత్రం రాయడం లేదు. రాస్తానంటే ఆవిడే వద్దన్నారు, "ఇప్పుడొచ్చేవాళ్లకే టైం చాలడం లేదు సార్" అని. చెన్నై పెరంబూరులో పేపర్ మిల్స్ రోడ్డుకి పక్క సందు, కింద హార్డ్‌వేర్ షాపు, పైన క్లినిక్. ఇక్కడి తెలుగువాళ్లకి ఆ గుర్తు చాలు.

నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎవరు రాస్తున్నారో తెలియదు. నేను మెడికల్ రెప్‌గా, అంటే కంపెనీ మందుల గురించి డాక్టర్లకి చెప్పే మనిషిగా చేసి రిటైరయ్యాను. మాది గూడూరు దగ్గర పల్లె. ఉద్యోగమంతా మద్రాసులోనే, అదీ ఎక్కువగా ఈ ఉత్తరం వైపే: వ్యాసర్‌పాడి, పెరంబూరు, కొళత్తూరు, విల్లివాక్కం. డాక్టర్ గదిలో పేషెంటు కుర్చీ పక్కన నిలబడి, బ్యాగులోంచి విజువల్ ఎయిడ్ (మందు గురించి బొమ్మలూ గ్రాఫులూ ఉండే పుస్తకం) తీసి, రెండు నిమిషాల్లో డీటెయిలింగ్, అంటే మందు గురించి చెప్పడం, ముగించి, సాంపిల్స్ పెట్టి బయటికొచ్చే మనిషిని. ఏ డాక్టర్ వినకుండానే తలూపుతారో, ఎవరు గిఫ్టు వైపు చూస్తారో, ఎవరు ఎదురు ప్రశ్న వేస్తారో మాకు తెలిసినంతగా వాళ్లింట్లో వాళ్లకి కూడా తెలియదు.

తొంభైల చివర్లో మా ట్రైనింగుల్లోకి "ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్", అంటే సాక్ష్యాన్నిబట్టి వైద్యం, అనే మాట దిగింది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో గోర్డన్ గయట్ అనే ఆయన 1991లో ఆ పేరు పెట్టారట, అక్కడే ఆయనకంటే ముందునుంచీ డేవిడ్ సాకెట్ దాని గురించి పాఠాలు చెబుతున్నారట. ట్రైనరు ఇదంతా చెప్పి పరీక్ష కూడా పెట్టాడు. ఆ తర్వాత చూడాలి తమాషా. ప్రతి విజువల్ ఎయిడ్ మీదా ఒక గ్రాఫు, కింద కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఒక స్టడీ పేరు, మా నోట్లో "ఎవిడెన్స్ ఉంది సార్" అనే పాట. 1996లో సాకెట్ వాళ్లు రాసింది వేరు. మూడూ కలవాలన్నారు: ఉన్నవాటిలో గట్టి సాక్ష్యం, డాక్టరు సొంత అనుభవం, ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం కావాలన్నది. మా బ్యాగులో ఉన్నది మొదటిది ఒక్కటే, అదీ కంపెనీకి నచ్చినంత మేరకే.

ఆ గ్రాఫుల కిటుకు ఒకటి చెబుతాను, పనికొస్తుంది. "రిస్కు 50 శాతం తగ్గింది" అని రాస్తారు. వందమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒక్కరికే వచ్చినా 50 శాతమే. నలభై మందికి వచ్చేది ఇరవై మందికి వచ్చినా 50 శాతమే. మొదటిదాంట్లో ఒక్క మనిషికి మేలు జరగాలంటే వందమంది మాత్ర మింగాలి, రెండోదాంట్లో అయిదుగురు మింగితే చాలు. గ్రాఫు మాత్రం రెండింటికీ ఒకేలా కిందికి దిగుతుంది. ఎంతమంది మింగితే ఒకరికి మేలు అన్న లెక్క నేను మోసిన విజువల్ ఎయిడ్లలో ఎక్కడా నాకు కనపడలేదు.

ఈ డాక్టరమ్మ దగ్గర నాకు మొట్టమొదట నచ్చింది అదే. ఆవిడ టేబుల్ మీద ఒక కట్ట జిరాక్స్ కాగితాలుంటాయి. ఒక్కో కాగితం మీద వంద చిన్న బొమ్మలు, వరసకి పది చొప్పున పది వరసలు. "మీలాంటి వందమందిని తీసుకుందాం సార్" అంటూ ఎర్ర పెన్నుతో కొన్నిటికి రంగు వేస్తారు. మందు వాడితే అందులో ఎన్ని మాయమవుతాయో వాటిమీద నీలం గీత గీస్తారు. మందువల్ల కొత్తగా ఇబ్బంది పడేవాళ్లుంటే పక్కన చుక్క పెడతారు. ఆ కాగితం మనకే ఇచ్చేస్తారు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద అలాంటివి అయస్కాంతాలతో అతికించి ఉన్నాయి.

నేను మొదట వెళ్లింది షుగర్ గురించి. కంపెనీవాళ్లు పెట్టే హెల్త్ క్యాంపులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. దగ్గర్లో ఇంకొకాయన చూసిన వెంటనే మాత్ర రాసేశారు, "లైఫ్‌లాంగ్" అన్నారు. ఈవిడ రిపోర్టు చూసి, ఖాళీ కడుపుతో వచ్చి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగి రెండు గంటల తర్వాత మళ్లీ రక్తం ఇమ్మన్నారు. నాకు విసుగొచ్చింది. ఉన్న రిపోర్టు చాలదా అన్నాను. "నేను మీకు చూపించబోయే లెక్క ఆ పరీక్షలో తేలినవాళ్లమీద చేసింది సార్. మీరు వాళ్లలాంటివారో కాదో తెలియకుండా ఆ లెక్క మీకెలా చెప్పను" అన్నారు. నా ఉద్యోగం మొత్తంలో ఏ డాక్టరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు, ఈ స్టడీలో ఉన్నవాళ్లెవరు అని.

రెండు గంటల షుగర్ 168. మామూలుకంటే ఎక్కువ, షుగర్ జబ్బు అనే గీత మాత్రం దాటలేదు. అప్పుడు తీశారు కాగితం. స్టడీ మన చెన్నైదే. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసింది, 2006లో అచ్చయింది. షుగర్ గీతకి ఇవతల ఉన్న 531 మందిని నాలుగు గుంపులు చేశారు. మామూలు సలహాతో వదిలేసిన గుంపులో మూడేళ్లలో వందకి 55 మందికి షుగర్ వచ్చింది. యాభై అయిదు! ఎర్ర పెన్నుతో సగం కాగితం నిండిపోయింది. తిండి మార్చుకుని రోజూ నడిచినవాళ్లలో 39. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చిన్న డోసు, 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు వేసుకున్నవాళ్లలో 40, 41 మధ్య. రెండూ చేసినవాళ్లలో మళ్లీ 39, 40 మధ్యే. రెండూ కలిపితే డబుల్ లాభం వస్తుందనుకుంటాం కదా, రాలేదు. ఆరేడుగురు నడిస్తే ఒకరికి షుగర్ తప్పుతుందన్నమాట. రెప్ కళ్లతో చెబుతున్నాను, అది చాలా మంచి లెక్క. అలాంటి లెక్కున్న మాత్ర ఏ కంపెనీ చేతికైనా దొరికితే ఊరంతా హోర్డింగులు పెట్టేవాళ్లు.

అంతా చెప్పి, పెన్ను మూత పెట్టి, "ఒక్క తిరకాసు ఉంది సార్" అన్నారు. ఆ స్టడీలో చేర్చుకున్నది 35 నుంచి 55 ఏళ్ల మధ్యవాళ్లని. నాకు అరవై దాటింది. "కాబట్టి ఇది మీకు అచ్చంగా సరిపోతుందని చెప్పలేను. దాదాపుగా ఇంతే ఉంటుందని నా అంచనా. మీకు మాత్ర మింగడం తేలికా, నడవడం తేలికా?" నడక అన్నాను. మాత్రల సంగతి నాకు బాగా తెలుసు కాబట్టేనేమో. ఫ్లైఓవర్ దగ్గరి పార్కులో రోజూ చెమట పట్టేదాకా నడుస్తున్నాను. ఏడాదికోసారి పరీక్ష. ఇంతవరకు గీత దాటలేదు. నడకవల్లే దాటలేదా, నడవకపోయినా దాటని 45 మందిలో నేనొకణ్ణా అని అడిగితే, "అది నాకే కాదు సార్, ఎవరికీ తెలియదు" అని నవ్వేశారు. ఇలాంటి జవాబు నచ్చనివాళ్లు ఈ క్లినిక్‌కి రావద్దు.

మా ఆవిడకి నచ్చలేదు. ఆవిడ మోకాళ్ల సంగతి చెబుతాను.

మోకాలి నొప్పికి ఒక పెద్ద ఆస్పత్రిలో పీఆర్‌పీ ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారు. మన రక్తమే తీసి, తిప్పి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు. మన రక్తమే కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు, గుజ్జు మళ్లీ పెరుగుతుందని కౌన్సెలింగ్ చేసే అమ్మాయి చెప్పింది. మా ఆవిడ దాదాపు ఒప్పేసుకుంది. పక్కింటావిడ కూడా చేయించుకుందట, "ఎంత బాగుందో" అందట. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, 2021లో ఆస్ట్రేలియాలో చేసిన స్టడీ గురించి చెప్పారు. 288 మంది, మన మోకాళ్లలాంటివే, మరీ అరిగిపోనివి. సగంమందికి పీఆర్‌పీ, సగంమందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది ఎక్కుతోందో వాళ్లకి తెలియదు. ఏడాది తర్వాత నొప్పి రెండు గుంపుల్లోనూ రెండు పాయింట్ల చొప్పున తగ్గింది, పదికి. పీఆర్‌పీ వాళ్లకి 2.1, ఉప్పునీళ్లవాళ్లకి 1.8. ఆ తేడా లెక్కలోకి రాదు. గుజ్జు పెరగడం అటుంచి, రెండు గుంపుల్లోనూ కాస్త తగ్గింది.

"అయితే పక్కింటావిడ అబద్ధం చెప్పిందంటారా?" అంది మా ఆవిడ.

"లేదమ్మా, ఆవిడకి నిజంగానే తగ్గింది. ఉప్పునీళ్లు ఎక్కించుకున్నవాళ్లకీ తగ్గింది చూశారా? మోకాలి నొప్పి కొన్నాళ్లు ఎక్కువగా, కొన్నాళ్లు తక్కువగా ఉంటుంది. ఎక్కువగా ఉన్నప్పుడే కదా మనం డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఆ తర్వాత ఏం చేసినా కొంత తగ్గుతుంది."

నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. బజార్లో సగం మందులు ఆ మాటమీదే అమ్ముడవుతాయి. గ్లూకోసమైన్ మాత్రలు మద్రాసులో ఎన్ని పెట్టెలు అమ్ముడయ్యాయో నాకు తెలుసు. 2006లోనే అమెరికాలో 1583 మంది మీద పెద్ద స్టడీ చేసి, మొత్తంమీద ఉత్తుత్తి మాత్రకంటే మెరుగేమీ కాదని తేల్చారు. అమ్మకం ఆగిందా? ఇప్పటికీ ఏ షాపులో అడిగినా ఇస్తారు.

డాక్టరమ్మ మా ఆవిడకి రాసింది తొడ కండరాలకి వ్యాయామం. కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టుకోవడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, గోడకి ఆనుకుని కొద్దిగా కిందికి జారడం. ఆవిడే లేచి చేసి చూపించారు, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని. నొప్పి ఎక్కువైన రోజున పూసుకునే జెల్. కాస్త బరువు తగ్గడం. అంతే. మెట్లు దిగుతూ మా ఆవిడ, "అయిదొందలు తీసుకుని కుర్చీలోంచి లేవమని చెప్పింది. అది నాకు తెలియదా?" అంది. నిజానికి వ్యాయామం చేస్తోంది, నొప్పి కొంత తగ్గింది కూడా. డాక్టరమ్మ ముందు మాత్రం ఒప్పుకోదు.

ఇక మా బావగారి గుండె. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

మా అక్కా బావగారూ నెల్లూరులో ఉంటారు. ఆయనకి ఏటా తిరుమల నడిచి ఎక్కే మొక్కు ఉంది. అలిపిరి నుంచి 3550 మెట్లు. పోయినసారి గాలిగోపురం చేరకముందే ఛాతీ పట్టేసింది, కాసేపు కూర్చుంటే తగ్గింది. ఊళ్లో టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేశారు, పాజిటివ్. మద్రాసులో ఒక ఆస్పత్రికి తెచ్చాం. యాంజియోగ్రామ్ చేస్తుండగానే డాక్టర్ బయటికొచ్చి, కుడివైపు నాళంలో 80 శాతం బ్లాక్ ఉంది, టేబుల్ మీద ఉండగానే స్టెంట్ వేసేద్దాం, సంతకం పెట్టండి అన్నారు. మా అక్క నా ముఖం చూసింది. లోపలున్న బావగారిని అడిగితే, "నేను ఇంటికి పోయి ఆలోచించుకుంటా" అన్నారు. ఆయన పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, ఆలోచించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఎరగరు. "ఎనభై శాతం పెట్టుకుని ఇంటికి పోతారా? దారిలో ఏమైనా అయితే మా బాధ్యత లేదు" అని ఆ ఆస్పత్రివాళ్లు రాయించుకున్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. టెన్షన్ అంతా మాదే, ఆయన మాత్రం పెరుగన్నం తిని పడుకున్నారు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ యాంజియోగ్రామ్ సీడీ అడిగారు, రిపోర్టు చాలదన్నారు. మొదట వెతికింది ఒక్కటే, ఎడమవైపు మొదలు నాళంలో బ్లాక్ ఉందా అని. లేదు. గుండె పంపింగ్ బాగుందా అని. బాగుంది. నొప్పి కూర్చున్నప్పుడు వచ్చిందా, రోజురోజుకీ ఎక్కువవుతోందా, చెమటలు పట్టాయా అని ఒక్కొక్కటీ అడిగారు. ఏదీ లేదు. ఎక్కినప్పుడు వస్తుంది, ఆగితే పోతుంది.

అప్పుడు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "హార్ట్ ఎటాక్ వచ్చినప్పుడు స్టెంట్ ప్రాణం కాపాడుతుంది. అందులో సందేహమే లేదు. కూర్చున్నప్పుడు నొప్పి వచ్చి తగ్గకపోతే నాకు ఫోన్ కూడా చేయొద్దు, 108కి చేయండి. మీది ఆ కథ కాదు." ఆ కథ కానివాళ్ల మీద 37 దేశాల్లో స్టడీ చేశారట, మన దేశంవాళ్లూ అందులో ఉన్నారు. 2020లో అచ్చయింది. 5179 మంది. సగంమందికి మందులతోపాటు యాంజియో, అవసరాన్నిబట్టి స్టెంటో బైపాసో. మిగతా సగంమందికి మందులే, తగ్గకపోతే అప్పుడు చూద్దామని. మూడేళ్లు దాటాక లెక్క తీస్తే చనిపోయినవాళ్లు ఒకవైపు 145, ఇంకోవైపు 144.

బావగారు ఆ రెండు అంకెలనీ కాగితం మీద వేలితో తడిమి చూశారు. "ఒక్కరే తేడానా?" అన్నారు.

"ఆ ఒక్కరూ స్టెంట్ వైపే ఎక్కువ. అంటే తేడా లేదనే లెక్క."

"అమెరికావాళ్ల లెక్కలు మనకి చెల్లుతాయా అమ్మా?" బావగారి అనుమానం బావగారిది. దానికి ఆవిడ చెప్పింది నాకు కొత్త. ఇక్కడికి దగ్గర్లో చేట్‌పేట్‌లో టీబీ పరిశోధన సంస్థ ఉంది కదా, 1956లో మొదలైన ఆ సెంటర్ మొదటి పనే ఇలాంటి స్టడీ. అప్పట్లో టీబీ వస్తే శానిటోరియంలో ఏడాది మంచమెక్కాల్సిందే అని డాక్టర్లందరి నమ్మకం. మంచి తిండి, మంచి గాలి, విశ్రాంతి లేకపోతే మందు పనిచేయదని. మద్రాసు పేదవాడల్లోని రోగుల్ని చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుని శానిటోరియంలో, ఇంకో గుంపుని సొంత గుడిసెల్లో ఉంచి ఒకే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంతే బాగా నయమైంది, ఇంట్లోవాళ్లకి అదనంగా అంటుకోనూ లేదు. 1959లో ఆ ఫలితం వచ్చాక ప్రపంచమంతా టీబీ రోగుల్ని ఇంటికి పంపించడం మొదలుపెట్టింది. "మన లెక్క వాళ్లకి చెల్లింది, వాళ్ల లెక్క మనకి చెల్లదా మామయ్యా?" అన్నారు. ఆ 'మామయ్యా'తో బావగారు పూర్తిగా పడిపోయారు.

కథ ఇక్కడితో అయిపోతే మామూలు రివ్యూనే. అయిపోలేదు. స్టెంట్‌వల్ల ఆయుష్షు పెరగదన్నంత మాత్రాన స్టెంట్ దండగ అని ఆవిడ అనలేదు. ఛాతీనొప్పి తరచుగా వచ్చేవాళ్లకి స్టెంట్ తర్వాత నొప్పి బాగా తగ్గిందని అదే పెద్ద స్టడీలో ఉందట. ఇంగ్లండులో 2017లో 200 మంది మీద చేసినదాంట్లో, డాక్టర్లు స్టెంట్ వేసినట్టు నటించి వదిలేసిన రోగులకీ, నిజంగా వేసిన రోగులకీ ట్రెడ్‌మిల్ మీద పెద్ద తేడా కనపడలేదు. అదే బృందం 2023లో 301 మంది మీద మళ్లీ చేసింది, ఈసారి ఛాతీనొప్పికి వాడే మాత్రలు ఆపేసి. అప్పుడు స్టెంట్ వాళ్లకి నొప్పి స్పష్టంగా తగ్గింది. ఒకటి ఇటు, ఒకటి అటు. రెండూ చెప్పారు. నేనైతే, అంటే నా పాత ఉద్యోగంలో అయితే, ఏ కంపెనీ బ్యాగు మోస్తున్నానో దాన్నిబట్టి ఒక్కటే చెప్పించేవాళ్లు.

"ఇప్పుడు చెప్పండి, మీకు ఏం కావాలి?"

బావగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కొండ ఎక్కాలి."

మొదట మందులు మొదలుపెట్టారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, గుండె వేగం తగ్గించే మాత్ర, నొప్పికి నైట్రేట్. నెల్లూరు వీధుల్లో నడకకి నొప్పి పోయింది. మెట్ల దగ్గర మాత్రం మేడమీదికి రెండోసారి ఎక్కితే పట్టేసేది. నైట్రేట్‌తో తలనొప్పి. కొన్ని నెలలు చూసి, ఆయనే ఫోన్ చేసి, "బామ్మర్దీ, స్టెంట్ వేయించుకుంటా, ఆయుష్షు కోసం కాదు, స్వామి మెట్ల కోసం" అన్నారు. డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు. తనకి తెలిసిన ఇద్దరు కార్డియాలజిస్టుల పేర్లు రాసిచ్చి, ఎవరి దగ్గరికైనా వెళ్లండి అన్నారు. తొందరపెట్టి సంతకం అడిగిన ఆస్పత్రిలో వేసేదీ ఇదే స్టెంట్, ఇదే నాళంలో. ఈసారి ఎందుకు వేయించుకుంటున్నారో బావగారికి తెలుసు, దానివల్ల ఏం వస్తుందో, ఏం రాదో కూడా. కొలెస్ట్రాల్ మాత్ర మానేస్తానంటే మాత్రం ఊరుకోలేదు ఆవిడ. స్టెంట్ నొప్పికి, మాత్ర ప్రాణానికి అని మూడుసార్లు చెప్పించారు ఆయన నోటితోనే.

దగ్గూ జలుబుల దగ్గర ఆవిడ కాస్త మొండి. ఊపిరితిత్తులు విని బాగున్నాయంటే యాంటీబయాటిక్ రాయరు. మామూలు దగ్గు సగటున పద్దెనిమిది రోజులదాకా ఉంటుందని గోడమీద తమిళంలోనూ తెలుగులోనూ కాగితం అంటించారు. ఆ కాగితం చూసి లేచి వెళ్లిపోయినవాళ్లని కూడా చూశాను.

ఇప్పుడు నక్షత్రం ఎందుకు కోశానో. క్లినిక్ మేడమీద ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్లవాళ్లు, గుండెవాళ్లు, అందరూ ఆ నిలువు మెట్లెక్కాల్సిందే. టీఎంటీ ఇక్కడే అయిపోతుంది. మెట్రో తవ్వకాలవల్ల సందు మొదట్లో ఆటో ఆగిపోతుంది, దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. టోకెన్ పద్ధతి పేరుకే. ఒక్కొక్కరికీ అంతసేపు కాగితం మీద రంగులేస్తూ కూర్చుంటే ఏడు గంటల టోకెన్ తొమ్మిదికి వస్తుంది. రిసెప్షన్ అబ్బాయిని ఎంతసేపని అడిగితే "వెయిట్ పణ్ణుంగ" (ఆగండి) తప్ప ఇంకో మాట రాదు. ఇవన్నీ నేను భరిస్తాను. నక్షత్రం తీసింది వీటికి కాదు.

ఆవిడ మందు జనరిక్ పేరుతోనే, అంటే మందు అసలు పేరుతోనే రాస్తారు, కంపెనీ పెట్టిన బ్రాండు పేరు రాయరు. చదువుకున్నవాళ్లంతా మెచ్చుకునే పద్ధతి. షాపు కౌంటర్ అవతల ఏం జరుగుతుందో నేను చూసినవాణ్ణి. డాక్టర్ బ్రాండు రాయకపోతే బ్రాండు ఎంచుకునేది షాపతను. అతనికి ఎందులో మార్జిన్ ఎక్కువో అదే చేతిలో పెడతాడు. అదే మందు, అదే డోసు, మూడింతల ధర ఉన్నది కూడా రావచ్చు. ఈ నెల ఒక రంగు, వచ్చే నెల ఇంకో రంగు. మా అమ్మకి ఎనభై దాటాయి, మాత్రని రంగుతో గుర్తుపెట్టుకుంటుంది. రంగు మారిందని పాతదీ కొత్తదీ రెండూ వేసేసుకుని, బీపీ పడిపోయి ఒకరోజు కళ్లు తిరిగాయి. ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పాను. జనరిక్ పేరు రాసి, పక్కన మంచి తయారీవి, ధర తక్కువవి రెండు మూడు పేర్లు రాయండి, లేదా దగ్గర్లోని జన్ ఔషధి షాపు పేరు చెప్పి అక్కడే ప్రతినెలా కొనమనండి అన్నాను. "బ్రాండు పేరు రాస్తే మీలాంటివాళ్లు మళ్లీ బ్యాగులేసుకుని వస్తారు సార్" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. సాక్ష్యం స్టడీలో ఆగిపోతే చాలదు, చివరికి మా అమ్మ చేతిలోకి వచ్చే మాత్ర దాకా రావాలి. ఆ చివరి పది అడుగులు ఆవిడ షాపతనికి వదిలేశారు.

మా అమ్మ విషయంలో ఇంకోటి కూడా చెప్పాలి, న్యాయంగా. అమ్మ చీటీలో ముందుజాగ్రత్తకని ఎవరో ఎప్పుడో రాసిన ఆస్పిరిన్ ఉండేది. అమ్మకి గుండెజబ్బు, పక్షవాతం ఎప్పుడూ రాలేదు. 2018లో 19,114 మంది పెద్దవాళ్ల మీద చేసిన స్టడీలో, అలాంటివాళ్లకి ఆస్పిరిన్‌తో మేలు కనపడలేదు, రక్తస్రావాలు పెరిగాయి. అది చూపించి ఆపించారు. గ్యాస్ మాత్ర కూడా దానికోసమే పెట్టారు కాబట్టి అదీ మెల్లగా ఆపేశారు. ఇది చదివి బావగారిలాంటివాళ్లు, స్టెంట్ ఉన్నవాళ్లు ఆస్పిరిన్ మానేయకండి, వాళ్ల లెక్క పూర్తిగా వేరు. బీపీ ఎంతకి దించాలన్న ప్రశ్నకి మాత్రం ఆవిడ కాగితం తీయలేదు. అమ్మలాగా నడుము వంగి, కర్రతో నడిచేవాళ్లని ఆ స్టడీల్లో చాలావరకు చేర్చుకోలేదట. "ఇక్కడ నా దగ్గర లెక్క లేదు, నా అనుభవంతో చెబుతున్నాను" అని చెప్పి, నిలబెట్టి బీపీ చూసి, ఒక మాత్ర సగం చేశారు.

వెళ్లేవాళ్లకి వివరాలు. ఫీజు 500, వారంలోపు మళ్లీ వెళితే తీసుకోరు. జీపే పనిచేస్తుంది, కార్డు లేదు. ఆదివారం సెలవు. తెలుగు, తమిళం, ఇంగ్లిష్, మూడూ మాట్లాడతారు, చిత్తూరు తెలుగు. నెల్లూరు, గూడూరు నుంచి వచ్చేవాళ్లు సెంట్రల్‌లో దిగి లోకల్ ఎక్కితే పెరంబూరు మూడో స్టేషన్. తిరుపతి నుంచి వచ్చే రైళ్లు కొన్ని ఇక్కడే ఆగుతాయి. పాత చీటీలే కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని తెండి, ఆయుర్వేదం, గ్యాస్ మాత్రలు, టీవీలో చూసి కొన్న పొడులు అన్నీ. అవి టేబుల్ మీద పోయించి ఒక్కొక్కటీ చూడందే ఆవిడ కొత్తది రాయరు. రెప్‌లకి బుధవారం మధ్యాహ్నం ఒక్క అరగంట ఇస్తారు. సాంపిల్స్ తీసుకోరు, స్టడీ పూర్తి కాగితం తెస్తేనే మాట్లాడతారు. మా పాత కంపెనీ కుర్రాడు ఒకడు ఈమధ్య మెట్లమీద ఎదురై, "సార్, ఈ మేడం కాల్ ఎలా చేయాలి?" అని అడిగాడు. కాల్ అంటే మా భాషలో డాక్టర్‌ని కలిసి మందు గురించి చెప్పడం. ముందు స్టడీ నువ్వు చదువుకో, అందులో ఎవరిని చేర్చుకోలేదో చూసుకుని రా అన్నాను.